మా లీజు స్కూటరు కొంది

జూన్ 2

మా లీజు ఇవాళ స్కూటరు కొంది.

కొత్తది కూడా కాదు. ఆకుపచ్చ రంగు పాత బండి. ముందు చక్రం మీద రేకు సొట్టపోయి ఉంది, అంటే ఇదివరకే ఎవరినో ఎక్కడో పడేసిన అనుభవం ఉంది దానికి. మధ్యాహ్నం నేనొక పెళ్లి ఫొటోకి అద్దం కోస్తుంటే కొట్టు ముందు హారను మోగింది. తలెత్తి చూద్దును కదా, మా మేనత్త! వయసు యాభై ఎనిమిది. రెండు కాళ్లూ నేలకి ఆనించి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారిపోయి, "ఎలా ఉందిరా?" అంది. నా చేతిలో అద్దం గీత గీసిన చోట తప్ప అన్నిచోట్లా పగిలింది.

ఇది కొలతలు రాసుకోవడానికి కొన్న పుస్తకం. అయినా కోపమొస్తే మొదటినుంచీ చెప్పుకుంటే గానీ నాకు చల్లారదు. ఇంట్లో వినేవాళ్లు లేరు కాబట్టి దీనికే చెబుతున్నాను.

ఈ కొట్టు నాన్న ముప్పై ఆరేళ్ల కింద తీసుకున్నాడు. అప్పటి ఓనరు పందేల మనిషి. రేపు వాన పడుతుందా లేదా అన్నదాని మీద కూడా పందెం కాసేవాడట. లీజు ఎన్నేళ్లకి రాయమంటావని అడిగితే నాన్న "ఎప్పటికీ" అన్నాడు. "ఎప్పటికీ అనేది లెక్క కాదు. ఒక మనిషి పేరు చెప్పు. ఆ ప్రాణం ఉన్నన్నాళ్లూ కొట్టు నీది, నీ తర్వాత నీ కొడుకుది. ఆ ప్రాణం పోయిన రోజున తాళంచెవి నాది" అన్నాడు ఓనరు. నాన్న తన చెల్లెలి పేరు రాయించాడు. అప్పుడామెకి ఇరవై రెండు, గుండ్రాయిలా ఉండేది. నాకు అయిదేళ్లు. ఛాతీలో నెమ్ముతో, ఇవాళో రేపో అన్నట్టు ఉండేవాణ్ని. కన్నకొడుకు మీద కాయకుండా చెల్లెలి మీద కాశాడు పందెం. నేను తప్పు పట్టను. ఆ పిల్లాణ్ని చూస్తే నేనైనా కాసేవాణ్ని కాదు. ఇప్పుడు నాకు నలభై ఒకటి, బరువు డెబ్బై ఎనిమిది కిలోలు. ఆ సంగతి నాన్నకి చెప్పడానికి నాన్న లేడు.

నా బెంగంతా అత్త ఆరోగ్యం గురించే. కొట్టు సంగతి నాకసలు గుర్తే రాలేదు.

జూన్ 3

ఈ వయసులో స్కూటరేమిటి, నడుం విరిగితే ఎవరు చేస్తారు అని మా ఆవిడతో అన్నాను. ఆమె కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా, "మీ బెంగ అత్తయ్య నడుం గురించా, కొట్టు గురించా?" అంది.

"ఛీ, ఏం మాటది!"

"మరి మొన్న నాకు జ్వరమొస్తే, అత్తయ్యకి అంటుకుంటుందని నన్ను మూడు రోజులు వెనక గదిలో పడుకోబెట్టారే?"

వెనక గదిలో గాలి బాగా వస్తుంది. అందుకే పడుకోబెట్టి ఉంటాను.

జూన్ 5

పొద్దున ఆరున్నరకి స్కూటరు బయటికి వెళ్లింది. ఎనిమిదికి తిరిగొచ్చింది. ప్రాణాలతోనే.

జూన్ 8

చిన్న ఓనరు వచ్చాడు. వాళ్ల నాన్న పోయి పదేళ్లయింది. ఇతనికి పందేలంటే పడదు, మేడలంటే పిచ్చి. మా వరసలో మిగతా కొట్లన్నీ ఖాళీ చేయించేశాడు. పళ్లన్నీ ఊడిన నోట్లో మాదొక్కటే మిగిలిన పన్ను. దాన్ని పీకలేక నెలనెలా ఆపిల్ పళ్లు పట్టుకుని వచ్చి అత్తని పరామర్శిస్తుంటాడు. అత్త బీపీ గురించి డాక్టరు కన్నా ఎక్కువసార్లు అడిగేది ఇతనే.

"బీపీ ఎలా ఉంటోంది పెద్దమ్మగారూ?"

"నూట ఇరవై, ఎనభై. నీకెంత నాయనా?"

"నూట యాభై అండీ."

"ఉప్పు తగ్గించు. తిక్క కూడా."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర స్కూటరు చూశాడు. సీటు నిమిరాడు. "మంచి బండండీ. నడపండి. మనసుకి నచ్చింది చెయ్యాలి" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. బండి వేగంగా నడిపించి అత్తని పైకి పంపించేద్దామని వీడి పన్నాగం. ఆ స్కూటరు కొనిపించింది వీడే. వీడి బావమరిదికి పాత బళ్ల వ్యాపారముందని విన్నాను కూడా. ఎవరు చెప్పారో గుర్తులేదు, కానీ విన్నాను.

జూన్ 11

లాయరు తన కూతురి డిగ్రీ పట్టాకి ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చాడు. మంచి బీడింగు వేస్తానని ఆశపెట్టి, లీజు పత్రం తీసి ముందుంచాను. నాలుగు పేజీలూ చదివి, మీ పెద్ద ఓనరు కొంటెవాడయ్యా అన్నాడు.

"మనిషి ఉందా పోయిందా అని రోజూ తగువెందుకని షరతు పెట్టాడు చూడు. ఏటా జూలై ముప్పై ఒకటిన సాయంత్రం అయిదింటిలోపు ఆవిడ స్వయంగా ఓనరు ఇంటికి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి. పెట్టకపోతే పోయినట్టే లెక్క."

"తెలుసు. ముప్పై అయిదు సంతకాలయ్యాయి. మరి బతికుండీ వెళ్లలేకపోతే?"

"డాక్టరు దృష్టిలో బతికున్నట్టు. పత్రం దృష్టిలో పోయినట్టు."

"ఏది చెల్లుతుంది?"

"కొట్టు వరకు పత్రమే చెల్లుతుంది."

"కోర్టుకెళ్తే?"

"వెళ్లొచ్చు. తీర్పొచ్చేలోపు మీ అత్తతో పాటు నువ్వూ పోతావు. ఫ్రేముకి బంగారు రంగొద్దు, నల్లది వెయ్యి."

జూన్ 14

కుట్ర పట్టేశాను.

పొద్దున అత్త బండి తీయగానే సైకిలు మీద వెంటపడ్డాను. నేరుగా స్కూలు వెనక మైదానానికి వెళ్లింది. చిన్న ఓనరో వాడి బావమరిదో అక్కడ ఉంటారని గోడ చాటున నక్కాను. గంటసేపు చీమలు కుట్టాయి. మైదానంలో అత్త స్కూటరు మీద ఎనిమిది అంకె వేస్తోంది. వెనకాల చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని పరిగెడుతూ, "క్లచ్చి! క్లచ్చి పట్టుకోండి అత్తయ్యా!" అని అరుస్తున్నది మా ఆవిడ. రోజూ నడకకి వెళ్తున్నానని నాతో చెప్పే మా ఆవిడ. ఆమెకి స్కూటరు వచ్చని పదహారేళ్ల కాపురంలో నాకు తెలియదు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, ఏం లాభం? ఏమీ అనలేక వెనక్కి వచ్చి, ఒక తాతగారి ఫొటోకి తలకిందులుగా కొక్కెం బిగించాను.

జూన్ 15

అడిగేశాను. "ఎందుకు నేర్పావు?"

"అడిగారు కాబట్టి. అత్తయ్య ఈ ఇంట్లో ఒక్కటైనా అడగడం మీరెప్పుడైనా విన్నారా?"

వినలేదు. అత్తకి అడిగే అలవాటు లేదు. అలా చేసింది మా నాన్నే అనుకోండి. అత్త నిచ్చెన ఎక్కకూడదు, ఏటి గట్టుకి వెళ్లకూడదు, రైల్లో కిటికీ పక్కన కూర్చోకూడదు, చేప తినకూడదు, గొంతులో ముల్లు దిగితే! నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న ఇచ్చిన మొదటి ఉద్యోగం, అత్త నిచ్చెన మీద కాలు పెడితే పరిగెత్తుకొచ్చి చెప్పడం. శ్రద్ధగా చేశాను. ఒకసారి మూడో మెట్టు దాకా ఎక్కింది, చెప్పేశాను, నాన్న నాకొక పెన్సిలు కొనిచ్చాడు.

టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగానికి మాత్రం ఒప్పుకున్నాడు నాన్న. కుర్చీలోంచి పడితే ఎంత దూరం పడుతుంది గనక.

జూన్ 19

స్కూటరు వెనక చక్రంలో గాలి దానంతటదే పోయింది.

జూన్ 20

మళ్లీ దానంతటదే పోయింది. పాత బండి కదా. అత్త అరకిలోమీటరు తోసుకుంటూ వెళ్లి గాలి పట్టించుకుంది. గాలి కొట్టేవాడితో స్నేహం కూడా కలిసిందట. వాడు చక్రం చూసి, ఎవరో సూదితో నొక్కి తీశారండీ అన్నాడట. అత్త ఇది చెబుతూ నా వంకే చూసింది. నేను చేతులు జేబులో పెట్టుకున్నాను. ఎవరూ నన్నేమీ అనకపోయినా, "నా దగ్గర అసలు సూదే లేదు" అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మా వంశంలోనే ఉంది.

జూన్ 21

ఇవాళ గాలి పోలేదు. సూది మా ఆవిడ తీసి దాచేసింది.

జూలై 1

అత్త సముద్రం చూడ్డానికి వెళ్తుందట. స్కూటరు మీద. నాలుగు వందల కిలోమీటర్లు. రోజుకి నూట ముప్పై చొప్పున, మధ్యలో లాడ్జీల్లో ఆగుతూ. పటం మీద ఎర్రపెన్సిలుతో గీత గీసుకుని మరీ చూపించింది.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "మరి ముప్పై ఒకటో తారీఖు?"

"దారిలో జాగ్రత్త అనొచ్చు కదరా ముందు" అంది. కోపం లేదు గొంతులో. "పద్దెనిమిదిన అక్కడ బయలుదేరతాలే. నీ సంతకం ఎక్కడికీ పోదు."

సముద్రమే ఎందుకని అడిగితే మా ఆవిడ నా కాలు తొక్కింది. తర్వాత చెప్పింది. ఎక్స్‌చేంజిలో చేరిన కొత్తలో ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు ఒకతను రేవు నుంచి ట్రంక్ కాల్ బుక్ చేసేవాడట. మాట్లాడాల్సింది వాళ్ల అమ్మతో. మాట్లాడింది ఎక్కువ మా అత్తతో. పెళ్లి చేసుకుంటానని ఉత్తరం కూడా రాశాడట. నాన్న చదివి, "పెళ్లయితే ఓడెక్కించి తీసుకుపోతాడు. సముద్రానికి అడుగేదీ?" అని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడట. ఇదంతా మా ఆవిడకి ఎప్పుడు చెప్పిందో. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

అతని కోసం వెళ్తున్నావా అని అత్తని సూటిగా అడిగాను. "అతనెప్పుడో పోయుంటాడు, లేకపోతే మనవణ్ని ఎత్తుకుని తిరుగుతుంటాడు. నాకు సముద్రం చూడాలనుందిరా, అంతే" అంది.

జూలై 4

వెళ్లిపోయింది. హెల్మెట్టు పెట్టుకుంటే పుట్టగొడుగులా ఉంది. మా ఆవిడ చెయ్యి ఊపుతూ వీధి మలుపు దాకా వెళ్లింది. నేను కొట్టులో అద్దం తుడుస్తూ ఉండిపోయాను. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాను.

జూలై 5

ఫోన్ వచ్చింది. బాగానే ఉంది.

జూలై 7

చేరిందట. "ఎలా ఉంది?" అని మా ఆవిడ అడిగితే, అత్త ఫోను నీళ్ల వైపు తిప్పి పట్టుకుంది. ఇద్దరూ అలా ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. నేను పక్కనుంచి, గట్టు మీదే ఉండమను, మోకాళ్లు దాటి దిగొద్దను, అని సైగలు చేశాను.

జూలై 17

రేపు అక్కడ బయలుదేరాలి.

"ఇంకో నాలుగు రోజులుంటానురా" అని ఫోన్. ఇక్కడ పొద్దున్నే చేపల పడవలొస్తాయట, చూడ్డానికి బాగుంటుందట. ముప్పై ఒకటికి ఇంకా చాలా టైముందిలే అంది. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు రోజులు. చాలా టైమే. చాలా టైమే అని మూడుసార్లు రాసుకుంటే నమ్మకం కుదురుతుందేమో. చాలా టైమే.

జూలై 21

తొడ ఎముక విరిగింది.

స్కూటరు మీద కాదు. నాలుగు వందల కిలోమీటర్లు లారీల మధ్య నడిపిన మనిషి, లాడ్జి బాత్రూములో సబ్బు మీద కాలేసి పడింది. స్కూటరు లాడ్జి ముందు నీడలో సుఖంగా ఉంది, దాని మీద కొత్త గీత ఒక్కటి కూడా లేదు. కొట్టు మా ఆవిడకి అప్పజెప్పి బస్సెక్కాను.

జూలై 22

ఆపరేషన్ అయింది. ఎముకలో కడ్డీ వేశారు. అత్త మత్తులో "నంబర్ ప్లీజ్" అంది రెండుసార్లు.

జూలై 24

డాక్టరమ్మ నాకన్నా పదేళ్లు చిన్నది. ముప్పై ఒకటిన ఊళ్లో ఉండాలి, అంబులెన్సులో పడుకోబెట్టి తీసుకెళ్తానని చెప్పాను.

"ఎన్ని గంటలు ప్రయాణం?"

"పది."

"ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంటుంది. మందులిస్తున్నాం, మెల్లగా నడిపిస్తున్నాం. పదిగంటలు కదలకుండా కుదుపుల్లో తీసుకెళ్తే గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పోకపోవచ్చు."

"నూటికి ఎన్నిసార్లు పోతుందండీ?"

"అలా చెప్పలేను. మా అమ్మనైతే తీసుకెళ్లను."

పోకపోవచ్చు అని ఆవిడే అన్నది. డాక్టరు నోటితో అన్న మాట.

జూలై 25

చిన్న ఓనరుకి ఫోన్ చేశాను. పుస్తకం పట్టుకుని ఇక్కడికి రమ్మన్నాను, రానూపోనూ కారు ఖర్చు నాది. నాలుక చప్పరించాడు. "అయ్యో పాపం పెద్దమ్మగారు! ఆపిల్ పళ్లు పంపించనా?" అన్నాడు. పుస్తకం సంగతి మళ్లీ అడిగితే, "ఓనరు ఇంటికి వచ్చి అని రాశారు కదన్నా మా నాన్న. ఆయన రాసింది నేనెలా మారుస్తాను? పెద్దల మాట" అన్నాడు. బతికున్నప్పుడు వాళ్ల నాన్న మాట వీడు ఒక్కటి విన్న పాపాన పోలేదు.

లాయరుకి చేశాను. "వాడు ఒప్పుకుంటే తప్ప దారి లేదు" అన్నాడు. ఫ్రేము బాగా కుదిరిందని కూడా అన్నాడు.

జూలై 27

అంబులెన్సు మాట్లాడాను. ముప్పై ఒకటి ఉదయం ఆరుకి బయలుదేరితే సాయంత్రం నాలుగుకి ఓనరు గుమ్మంలో ఉంటాం. స్ట్రెచరు మీదే సంతకం.

ఇది నేను బలవంతం పెట్టింది కాదు. అత్తే అంది, "పోదాం పద, ఏం కాదు" అని. రెండుసార్లు అంది. మొదటిసారి నేను అడిగాక అంది, రెండోసారి నేను మళ్లీ అడిగాక అంది. పెద్దవాళ్ల కోరిక కాదనకూడదు. ఆ కొట్టు పోతే నాకు అద్దం కోయడం తప్ప ఇంకో పని రాదు, వేరేచోట అద్దెలు నాకు అందవు. ఇవన్నీ అత్తకి తెలుసు కాబట్టే అంది. నేను చెప్పడం వల్ల తెలిసినవే అనుకోండి.

పోకపోవచ్చు.

జూలై 28

పోకపోవచ్చు.

జూలై 29

ఇవాళ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు రాయాలి.

అత్త చేత నాలుగడుగులు వేయించి మళ్లీ మంచం మీద పడుకోబెట్టారు. నొప్పికి పెదవి కొరుక్కుని ఉంది. నేను కిటికీ దగ్గర నిలబడి అంబులెన్సువాడితో మాట్లాడి, ఫోను పెట్టేసి, విసుగులో ఉండబట్టలేక అనేశాను. "ఇదంతా నాన్న పుణ్యమే. నేను బతుకుతానని నమ్మలేదు. నా పేరు రాయించి ఉంటే నా కాళ్ల మీద నేను నడిచెళ్లి సంతకం పెట్టుకునేవాణ్ని కదా."

అత్త నా వంక వింతగా చూసింది. "నమ్మలేదని ఎవరు చెప్పార్రా నీకు?"

"చెప్పేదేముంది? నీ పేరు రాయించాడుగా."

"మీ నాన్న రాయించబోయింది నీ పేరే. 'నా కొడుకు నూరేళ్లుంటాడు, వాడి పేరు రాయి' అని గుమాస్తా ముందు కూర్చున్నాడు. సగం రాయించాడు కూడా. నేనే ఆ కాగితం లాగి చింపేశాను."

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకేంట్రా! నువ్వు మంచంలో ఉన్నావు, ఒళ్లు కాలిపోతోంది. ఈ పేరు రాసిన తర్వాత వాడికి జ్వరమొస్తే మనం వాణ్ని చూస్తామా, కొట్టుని చూస్తామా అన్నయ్యా అని అడిగాను. నా పేరు రాయి, నాది గట్టి ప్రాణం, ఎంతమంది చూసినా అరగదులే అన్నాను." దుప్పటి అంచు సర్దుకుంది. "ఇరవై రెండేళ్లు కదా అప్పుడు. ఏం తెలుసు? అరుగుతుందిరా."

ఆ చివరి మాట మామూలుగా, కాఫీలో పంచదార తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత దిండు ఎత్తు చెయ్యమంది. చేశాను. నర్సు వచ్చి బీపీ చూసి, నూట ఇరవై ఎనభై అని చెప్పి వెళ్లింది. అత్త నిద్రపోయింది.

నాకు సిగ్గేసింది. ఇంతకన్నా పెద్దమాటేదైనా ఉంటే అది రాసేవాణ్ని. ముప్పై ఆరేళ్లుగా నాన్న మీద కడుపులో ఒక కోపం పెట్టుకుని తిరిగాను, అది ఉత్తదే. అత్త నా బదులు వెళ్లి ఎక్కడ నిలబడిందో నాకెవరూ చెప్పలేదు. చెప్పకపోయినా కనబడాలి. ఎనిమిదేళ్లప్పుడు ఆమె మూడో మెట్టు ఎక్కితే పరిగెత్తి చెప్పి పెన్సిలు తీసుకున్న వెధవని నేనే. మొన్న చక్రంలో గాలి తీసింది కూడా నేనే. ఎవరూ చూడని పుస్తకంలో కూడా ఇన్నాళ్లూ అబద్ధం రాశాను.

జూలై 30

మా ఆవిడ ఫోన్ చేసింది. చప్పుడేమిటని అడిగితే, అద్దాలకి కాగితం చుడుతున్నానంది.

"ఎందుకు?"

"కొట్టు ఖాళీ చెయ్యాలిగా. మీరు అత్తయ్యని తీసుకురారు."

"నీకెలా తెలుసు? నాకే ఇంకా తెలీదు."

"మీరు చెడ్డవాళ్లు కాదు లెండి. కాస్త ఆలస్యం, అంతే."

తర్వాత ఏం చేసి బతుకుతామని అడిగాను. ఇంటి వసారాలో బల్ల వేసుకుంటే అద్దం తెగదా అంది. వసారా కొలతలు అప్పటికే తీసి పెట్టింది. పెద్ద సైజు అద్దాలు గుమ్మంలోంచి పట్టవు, అది చెప్పాను. అయితే చిన్నవాళ్ల ఫొటోలే కడదాం అంది.

జూలై 31

ఆరుకి అంబులెన్సు వచ్చింది. కిందికి వెళ్లి, వద్దని చెప్పి, డ్రైవరుకి ఒప్పుకున్నది ఇచ్చేసి పంపించేశాను. వీరుణ్నని రాసుకుందామని ఉంది గానీ, బండి గేటు దాటాక పది అడుగులు దాని వెనక పరిగెత్తాను కూడా. పదకొండో అడుగు దగ్గర ఆగాను.

పైకి వచ్చేసరికి అత్త తల దువ్వించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తయారుగా ఉంది. సంతకం పెట్టే పెన్ను కూడా చేతిలో పట్టుకుంది. బండి ఇంకా రాలేదన్నాను. ఎనిమిదికీ రాలేదన్నాను. తొమ్మిదికి డ్రైవర్ల జాతి మొత్తాన్నీ తిట్టడం మొదలెట్టింది. ఎక్స్‌చేంజిలో ముప్పై అయిదేళ్లు పనిచేసిన మనిషి తిట్లు ఎలా ఉంటాయో వార్డంతా విన్నది. పదింటికి నన్ను దగ్గరికి పిలిచి, నా మొహం చూసి, తిట్టడం ఆపేసింది.

"నువ్వే పంపించేశావా?"

తల ఊపాను.

"పిచ్చి వెధవా! మీ నాన్న కొట్టురా అది."

"డాక్టరమ్మ పోవచ్చు అంది అత్తా."

"పోకపోవచ్చు అని కూడా అందటగా?"

"అంది. నేను అదొక్కటే విన్నాను ఇన్నాళ్లూ."

పెన్ను నా చేతికిచ్చింది. మందుల మత్తుకి మధ్యాహ్నం నిద్రపట్టింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. గోడ గడియారం మంచానికి ఎదురుగానే ఉంది. మూడు. నాలుగు. నాలుగున్నర. ఇరవై ఏళ్లు నిలబడి పనిచేసిన చోటు, కాలి కింద గచ్చు ఎక్కడ గుంటపడిందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. పక్క మంచం ఆవిడ, పేషెంటు పోయిందనుకుందేమో, అయ్యో అంది.

అయిదయింది. మా ఆవిడ ఫోన్ చేసింది. చిన్న ఓనరు అయిదుకి రెండు నిమిషాలుండగానే తాళం పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడట. నెల రోజులు గడువిచ్చాడట. పెద్దమ్మగారి ఆత్మకి శాంతి కలగాలని నోరు జారి, నాలుక కరుచుకున్నాడట.

అయిదుంబావుకి అత్త కళ్లు తెరిచింది.

"టైమెంతరా?"

"అయిదుంబావు."

కళ్లద్దాలు తీసి పెట్టుకుని గోడ గడియారం చూసింది. "అయితే పోయానన్నమాట."

"పావుగంటయింది."

"ఎలా ఉన్నాను?"

"బాగానే ఉన్నావు."

నవ్వింది. ముందు మెల్లగా, తర్వాత ఆపుకోలేక, మంచం కిర్రుమనేలా. నవ్వుతూనే ఒక్కసారి "అమ్మా!" అని కళ్లు గట్టిగా మూసుకుంది. నేను స్టూలు తన్నేసి లేచాను.

"ఎక్కడ నొప్పి అత్తా?"

కళ్లు తెరిచి నా మొహంలోకి చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత తొడ దగ్గర మొదలుపెట్టి, మోకాలు, నడుం, బాత్రూములో పడ్డప్పుడు నేలకి కొట్టుకున్న మోచెయ్యి, ఎవరికీ చెప్పని ఎడమ భుజం, ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. చాలా ఉన్నాయి. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని విన్నాను.